ఏమీ పడలేదని రాసిన పుస్తకాలు

రండి, రండి. ఆ గోడవార నిలబడ్డవాళ్లు కూడా ఇటు జరగండి. పలకలు సంచుల్లో పెట్టెయ్యండి, ఇవాళ్టికి లెక్కలు చాలు. ఒరేయ్, ఆ కిటికీ మూసెయ్, ఇసక కళ్లల్లో పడుతోంది. కూర్చున్నారా? ఊఁ కొట్టకపోయినా ఫర్వాలేదు, వింటే చాలు.

కొత్తదిబ్బ అనే జాలరి పల్లెలో ఎర్రన్న అని ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఆయన తన గురువు పైడయ్య పాక ముందుకి వచ్చి కూలబడ్డాడు. మూడు రోజులుగా ఊళ్లో ఎవరూ తనని పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయన్ని తినేస్తోంది.

"గురువుగారూ, నేను చేసిన తప్పేమిటో చెప్పండి" అన్నాడు.

పైడయ్య కాషాయం కట్టిన గురువు కాదు. వయసులో ఉండగా తెప్ప మీద వేటకి పోయినవాడే. ఒంట్లో ఓపిక తగ్గాక ఒడ్డున పాక వేసుకుని, పల్లెలో చిరిగిన వలలన్నీ బాగుచేసి ఇచ్చేవాడు. సాయంత్రం నలుగురు చేరితే తత్వాలు పాడేవాడు. ఎర్రన్న పదహారో ఏట ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. ఆ రోజు గురువు అడిగిన దక్షిణ ఒక్కటే, నోట అబద్ధం రానివ్వనని మాట ఇమ్మన్నాడు. ఎర్రన్న ఇచ్చాడు.

"ఏం జరిగింది?" అన్నాడు గురువు, చేతిలో వల మీంచి తల ఎత్తకుండానే.

ఎర్రన్న చెప్పుకుంటూ వచ్చాడు. ఆయన చెప్పింది మీకు తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సముద్రంలో ఎవరు ఎక్కడ వేటాడాలి, ఏ నెలల్లో మానుకోవాలి, వలకన్ను ఎంత ఉండాలి, ఇలాంటివన్నీ తేల్చడానికి సర్కారు ఒక కమిషన్ వేసింది. పల్లెలో అందరూ దాన్ని సముద్రపు కమిషన్ అనేవారు. పట్నంలో కూర్చున్న పెద్దలకి సముద్రం కనపడదు కదా. అందుకని పల్లెకొక మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి పొద్దున్నే ఒడ్డున కూర్చుని, వచ్చిన ప్రతి తెప్పనీ ఏం పడిందని అడిగి పుస్తకంలో రాయాలి. కొత్తదిబ్బలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు ఎర్రన్న ఒక్కడే. ఆ పని ఆయనకి దొరికింది.

చేరిన రోజున పై అధికారి, "నీ ఊహలు రాయకు. వాళ్లేం చెబితే అదే రాయి" అన్నాడు. ఎర్రన్నకి ప్రాణం లేచివచ్చినట్టయింది. గురువుకిచ్చిన మాట, సర్కారు చెప్పిన మాట ఒక్కటే అయ్యాయి.

అయితే జాలరి ఇంట పుట్టినవాడికి తెలియంది ఏముంది? పడిన చేప పేరు ఒడ్డు మీద పైకి అనకూడదు. అంటే దిష్టి తగులుతుంది, మర్నాడు వల ఖాళీగా వస్తుంది. ఆడవాళ్లు తట్టల మీద తడిగుడ్డ కప్పుకునే ఇంటికి పోతారు. ఎవరడిగినా జవాబు ఒకటే, ఏటీ నేదు. ఎర్రన్న తల్లీ అలాగే చెప్పేది, ఆమె తల్లీ అలాగే చెప్పేది.

పోలిరాజు అని ఎర్రన్నకి వరసకి బావ. నోరు తెరిస్తే ఎదటివాడు నవ్వాల్సిందే. ఒకనాడు అతని తట్టలోంచి మూరెడు తోక బయటికి వేలాడుతోంది.

"ఏం పడింది బావా?" అన్నాడు ఎర్రన్న, పుస్తకం తెరిచి.

"ఏటి పడతాది? ఉప్పునీళ్లు."

"మరి ఆ తోకేటి?"

"తోకా? అది తెడ్డు బావా. ఇరిగిపోతే ఇంటికి అట్టుకెల్తన్నాను."

"తెడ్డుకి పొలుసులుంటాయా?"

"కొత్త రకం తెడ్డు. ఏటీ నేదని రాసుకోవయ్యా నువ్వు. మీ చెల్లి పులుసు పెట్టాక తెడ్డు ముక్కొకటి పంపిస్తాదిలే."

ఒడ్డంతా నవ్వింది. ఎర్రన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే, 'ఏమీ పడలేదు' అని రాశాడు. మధ్యాహ్నానికి పోలిరాజు ఇంటి నుంచి గిన్నెడు వంజరం పులుసు వచ్చింది. తిన్నాడు.

అలా పంతొమ్మిది ఏళ్లు, పంతొమ్మిది పుస్తకాలు. ఎండలో, ఇసక గాలిలో కూర్చుని రాశాడు. ఒక్క పూట మానలేదు. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఏడాది చివర పుస్తకం పట్నం పంపేటప్పుడు కళ్లకద్దుకుని పంపేవాడు. "నా పుస్తకాల్లో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదు" అని అప్పుడప్పుడు అనేవాడు కూడా.

ఈలోగా మరబోట్లు వచ్చాయి. మొదట్లో అవి దూరంగా కనపడీ కనపడకుండా పోయేవి. లోపల చేప తగ్గేసరికి ఒడ్డుకి దగ్గరగా రావడం మొదలుపెట్టాయి. అడుగు దాకా దిగే వలలతో గుడ్లూ పిల్లలూ అనకుండా ఊడ్చుకుపోయాయి. జాలర్లు వేసిన వలల మీంచి పోయి వాటిని చింపేశాయి. నాలుగేళ్లలో దగ్గరి సముద్రం ఎండిపోయింది. నీళ్లు ఎండిపోలేదు, చేప ఎండిపోయింది.

ఇప్పుడు కూడా ఎర్రన్న పొద్దున్నే ఒడ్డున కూర్చుని, ఏం పడిందని అడిగేవాడు.

"ఏటీ నేదు" అనేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. తట్టల మీద తడిగుడ్డ కప్పే పని కూడా లేదు.

చేప కోసం తెప్పలు దూరం పోవాల్సి వచ్చింది. ఒడ్డు కనపడనంత దూరం. తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టింది, అంత లోతు నీళ్లకి అది చేసింది కాదు. ఆషాఢంలో ఒకనాడు గాలి మారింది. ఆ పొద్దు వెళ్లిన అందరూ తిరిగొచ్చారు, పోలిరాజు రాలేదు. మూడో రోజున అతని తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది. తల్లి సోమాలమ్మ, భార్య, ఒక ఆడపిల్ల మిగిలారు. వెనకటి రోజుల్లో అయితే అలాంటి ఇంటికి పల్లె వేటలోంచి వాటా వెళ్లేది. ఇప్పుడు పడితే కదా పంచడానికి.

అప్పుడు కులపెద్ద దానయ్య అందరి వేలిముద్రలూ వేయించి కమిషన్‌కి అర్జీ పెట్టాడు. ఒడ్డు నుంచి మూడు మైళ్ల దాకా మరబోట్లు రాకూడదు, అంతే వాళ్లడిగింది. ఆ మూడు మైళ్లూ మిగిలితే బతుకుతాం అన్నారు.

పట్నంలో విచారణ పెట్టారు. పాతికమంది బస్సెక్కి వెళ్లారు. ఎర్రన్నని కూడా రమ్మన్నారు. కమిషన్ అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దాయన, మర్యాద తెలిసినవాడు. ముందు అందరికీ మంచినీళ్లు ఇప్పించి, తర్వాత అడిగాడు.

"దానయ్యగారూ, చేప తగ్గిపోయిందంటున్నారు. ఎంత ఉండేది?"

"ఎంతని సెప్పను బాబూ? నెత్తళ్లు ఒడ్డు మీద ఎండబెడితే కాలు పెట్టడానికి సోటుండేది కాదు."

అధ్యక్షుడు బల్ల మీదున్న పుస్తకాల్లోంచి ఒకటి తెరిచాడు. "ఇది మొదటి ఏడు. ఏమీ పడలేదు." ఇంకొకటి తెరిచాడు. "ఆరో ఏడు. ఏమీ పడలేదు. పన్నెండో ఏడు, ఏమీ పడలేదు." కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "పోయిన ఏడు కూడా ఏమీ పడలేదు. బోట్లు రాకముందూ లేదు, వచ్చాకా లేదు. మరి పోయిందేమిటండీ?"

దానయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "అది దిష్టికి అనే మాట బాబూ" అన్నాడు.

వెనక బెంచీలో బోట్లవాళ్లెవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. ఎర్రన్న వైపు తిరిగాడు.

"ఈ పుస్తకాలు రాసింది మీరేనా?"

"నేనేనండి."

"ఇందులో అబద్ధం ఏమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. మేమింకా తీర్పు రాయలేదు."

దానయ్య ఎర్రన్న మొహంలోకి చూస్తున్నాడు. వెనక నిలబడ్డ పాతికమందీ చూస్తున్నారు. వంజరాలు, చందువలు, కానాగంతలు తట్టలకి తట్టలు ఎర్రన్న కళ్లముందు నుంచే పోయాయి. ఆ సంగతి గుర్తు రాకపోలేదు. కానీ బల్ల మీద పంతొమ్మిది పుస్తకాలూ వరసగా, నలగకుండా, తన దస్తూరీతో ఉన్నాయి.

"ఒక్క అక్షరం అబద్ధం లేదండి" అన్నాడు.

"మీలాంటి నిజాయితీపరులు ఉండబట్టే మా పని సాగుతోంది" అన్నాడు అధ్యక్షుడు. అర్జీ కొట్టేశారు.

తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. దానయ్య తన సీట్లోంచి లేచి, "కూసో అల్లుడా, పొద్దుటినించి నిలబడే ఉన్నావు" అన్నాడు. ఎర్రన్న కూర్చున్నాడు.

ఇదీ జరిగింది.

"వాళ్లు చెప్పిందే రాశాను గురువుగారూ. అబద్ధం ఆడింది వాళ్లు, నేను కాదు. మీకిచ్చిన మాట పంతొమ్మిదేళ్లు నిలబెట్టుకున్నాను. ఇప్పుడు ఎదురుపడితే 'బాగున్నావా' అనే అంటారు. కానీ వాళ్ల చూపులు వేరేగా ఉన్నాయి. నేనేం తప్పు చేశాను?"

గురువు ముడి బిగించి, దారం పళ్లతో తెంపాడు. వల పక్కన పెట్టి, నడుముకి దోపుకున్న చుట్ట తీశాడు.

"చుట్టకి నిప్పు కావాలిరా. సోమాలమ్మ పొయ్యిలోంచి ఒక కణిక పట్రా" అన్నాడు.

ఎర్రన్నకి చిన్నతనం అనిపించింది. అడిగిందేమిటి, ఈయన చెబుతున్నదేమిటి? అయినా గురువు మాట కాబట్టి లేచాడు. పోలిరాజు ఇల్లు నాలుగు గడపల అవతల. ఆషాఢం తర్వాత ఎర్రన్న ఆ గడప తొక్కలేదు.

ఇంటి ముందు శుభ్రంగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. సోమాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఎర్రన్నని చూడగానే కొంగుతో మూతి తుడుచుకుంటూ లేచింది.

"రా నాయినా, రా. ఇప్పుడే అన్నాలు తిన్నాం. నువ్వు తిన్నావా? కూసో, గంజి తాగెల్దువుగాని."

"వద్దత్తా. గురువుగారికి చుట్టకి నిప్పు కావాలట."

ఆమె గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "లోపలికెల్లి తీసుకో" అంది.

కోడలు ఇంట్లో లేదు. లోపల మనవరాలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "అన్నం తిన్నావా తల్లీ?" అన్నాడు ఎర్రన్న. పిల్ల ముందు గుమ్మం వైపు, నాయనమ్మ వైపు చూసింది. తర్వాత తలూపింది.

కుండ కడిగి బోర్లించి ఉంది. దాని మీద తడి లేదు. ఎర్రన్న పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పుల్లతో బూడిద కదిపాడు. ఎర్రగా ఏమీ కనపడలేదు. పుల్ల పక్కన పడేసి చేత్తోనే తవ్వాడు. వేళ్లు లోపలికంటా దిగి అడుగు మట్టి తగిలింది. బూడిద చల్లగా ఉంది. మట్టి కూడా చల్లగానే ఉంది.

"ఇప్పుడే ఆరిపోయినట్టుంది నాయినా" అంది గుమ్మంలోంచి సోమాలమ్మ. "ఏటీ అనుకోకు."

ఎర్రన్న ఆమె మొహం చూడలేకపోయాడు. తల వంచుకుని బయటికి వచ్చాడు. ఆ నాలుగు గడపల దూరం నడవడానికి చాలాసేపు పట్టింది.

పాక ముందు గురువు వెలిగించని చుట్ట వేళ్ల మధ్య పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

"నిప్పేదిరా?"

ఎర్రన్న బూడిద అంటిన చెయ్యి చాపి చూపించాడు.

"ఆవిడేమంది?"

"ఇప్పుడే తిన్నామంది."

గురువు ఎర్రన్న భుజానికి వేలాడుతున్న సంచీ వైపు చూశాడు.

"పుస్తకం తెచ్చుకున్నావు కదా" అన్నాడు. "రాసుకో."

ఎర్రన్న సంచీలోంచి పుస్తకం తీశాడు. ఒళ్లో పెట్టుకుని తెరిచాడు. తెల్లకాగితం మీద నాలుగు వేళ్ల బూడిద గుర్తులు పడ్డాయి. ఎంతసేపు కూర్చున్నా అక్షరం పడలేదు.

అంతే, ఇంకేం లేదు. అలా గుడ్లప్పగించి చూస్తారేంరా? లేవండి, ఇసక దులుపుకోండి. ఇళ్లల్లో అన్నాలు వండి ఉంటారు. వేడి ఉండగానే వెళ్లి తినండి. తోవలో ఎక్కడా ఆగకండి.