ఇప్పపూల బలం

ఎర్రకోన అడవిలో చుక్కల జింకలు, ఎలుగుబంట్లు, నెమళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. కోన దాటితే పెద్ద బయలు. బయలు దాటితే ఏరు. ఆ బయలులో రేచుకుక్కలనే అడవికుక్కల గుంపు ఒకటి మాటు వేసి ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కోనలోని మడుగు ఇంకిపోతోంది. అందరికంటే జాజి అనే జింకకు దిగులు ఎక్కువ. దానికి పసిపిల్ల ఉంది. తల్లికి పాలు తగ్గాయి. పిల్ల రోజురోజుకూ చిక్కిపోతోంది.

మంద పెద్ద అందరినీ పిలిచింది. "ఈ మడుగు పున్నమి దాకా ఆగుతుంది. ఆ తరువాత ఏరే దిక్కు. ఎవరో ఒకరు కుక్కలను దూరంగా లాక్కుపోవాలి. ఆలోగా పిల్లలతో మనం బయలు దాటాలి," అంది.

"నేనున్నానుగా!" అన్నాడు కొమ్మరాజు అనే మగజింక. మందలో అతనంత వేగం ఎవరికీ లేదు.

ముళ్ళక్క అనే ముళ్ళపంది ముందుకు వచ్చింది. ఏ జంతువు ఏం తింటే ఎంత దూరం పరుగెత్తగలదో తెలుసుకోవడమే ఆమె పని. అందరి అడుగుజాడల వెంట తిరిగేది. పెంటికలు విరిచి చూసేది. పరుగెత్తి వచ్చినవాళ్ళ డొక్కకు చెవి ఆనించి ఊపిరి వినేది. చూసినవాళ్ళు నవ్వేవారు. ఆమె పని మానలేదు.

"తమ్ముడూ, నీది వేగమే. కానీ త్వరగా అలిసిపోతావు. రేచుకుక్కలు నిదానంగా వస్తాయి, పట్టు విడవవు. పున్నమి దాకా నేను చెప్పింది తిను, చెప్పినట్టు పరుగెత్తు," అంది ముళ్ళక్క.

"పెంటికల పంతులమ్మా! పరుగు నాకు నువ్వు నేర్పుతావా? ఎలుగు మామను చూడు, ఇప్పపూలు తిని ఎలా ఉన్నాడో! నేనూ అవే తింటాను."

"మామ కడుపు వేరు, నీ కడుపు వేరు. నువ్వు నెమరువేసే జంతువువి. అంత తీపి ఒక్కసారిగా పడితే లోపల పులిసి కడుపు ఉబ్బుతుంది."

కొమ్మరాజు తోక ఆడించి వెళ్ళిపోయాడు.

జాజి మాత్రం అక్కడే నిలబడింది. "అక్కా, నాకు నేర్పు. నా పిల్ల బతకాలి," అంది.

మర్నాటి నుంచి జాజి తెల్లవారకముందే లేచేది. గుట్ట ఎక్కి దిగేది. గడ్డి, ఆకులు మితంగా తిని, నీడలో పడుకుని ఓపికగా నెమరువేసేది. మళ్ళీ పరుగెత్తేది. ఒకసారి ముళ్ళక్క తుమ్మకాయలు ఎక్కువగా పెట్టింది. ఆ రోజు జాజి కాళ్ళు బరువెక్కాయి.

"పొరపాటు నాదే. కాయలు తగ్గిద్దాం. లే, మళ్ళీ చూద్దాం," అంది ముళ్ళక్క.

గాలికి ఇప్పపూల వాసన వచ్చేది. జాజికి నోరు ఊరేది. ముఖం తిప్పుకుని గుట్ట ఎక్కేది.

పున్నమి వచ్చింది. ఆ తెల్లవారుజామున కొమ్మరాజు కడుపు పట్టినన్ని ఇప్పపూలు తిన్నాడు. ఒక్క ఉరుకున బయలులో దూకాడు. కుక్కలు ఎక్కడో వెనకబడ్డాయి. జింకలు సంతోషంతో గెంతాయి.

కానీ బయలు మధ్యకు చేరేసరికి అతని కడుపు డోలులా బిగిసింది. ఊపిరి ఆడలేదు. కాళ్ళు తడబడ్డాయి. ఒక కుక్క వచ్చి వెనక కాలు కొరికింది. కొమ్మరాజు ఒక బండకు ఆనుకుని కొమ్ములు వంచి నిలబడ్డాడు. కుక్కలు చుట్టూ కూర్చున్నాయి.

జాజి కదిలింది.

"వద్దమ్మా! నీకేమైనా అయితే పిల్ల గతి ఏమిటి?" అంది మంద పెద్ద.

"నేను వెళ్ళకపోతే మాత్రం దానికి నీళ్ళేవి?" అంది జాజి.

అది కుంటుతున్నట్టు నటిస్తూ కుక్కల ముందుగా నడిచింది. కొమ్ములు లేని జింక, పైగా కుంటిది! కుక్కలు బండను వదిలి దాని వెంట పడ్డాయి. జాజి పరుగందుకుంది. తొందరపడలేదు. ఆగలేదు. ఎండ ఎక్కింది. గొంతు ఎండిపోయింది. అయినా ఒకే తీరుగా పరుగెత్తింది. కుక్కలు నాలుకలు వేలాడేసుకుని ఒక్కొక్కటే కూలబడ్డాయి. ఆఖరి కుక్క కూడా ఆగాక, జాజి చుట్టు తిరిగి ఏటి దారి పట్టింది.

అప్పటికి మంద ఏరు చేరింది. జాజి పిల్ల నీళ్ళలో మూతి పెట్టి తాగుతోంది. తల్లి వెళ్ళి దాని పక్కన మూతి పెట్టింది.

కొమ్మరాజు అందరికంటే ఆఖరున, మూడు కాళ్ళ మీద వచ్చాడు. ఆ తరువాత మంద అతన్ని ముందు నడవమని ఎన్నడూ అడగలేదు.

"అక్కా, నేను మళ్ళీ పరుగెత్తగలనా?" అని ముళ్ళక్కను తలవంచుకుని అడిగాడు.

"తెలియదు. రేపు తెల్లవారకముందే రా. రోజూ రా. చూద్దాం," అంది ముళ్ళక్క.

నీతి: తన శరీరానికి ఏది తగునో తెలుసుకుని, నాలుకను అదుపులో పెట్టి, రోజూ సాధన చేసేవారికే ఆపదలో బలం నిలుస్తుంది.