ముప్పై ఏడు నిమిషాల తూనీగ

"వీళ్ళకి చెవులున్నాయి గాని మనసు లేదు మాస్టారూ! ఇంకేం వినిపిస్తే ఈ మనుషులు కదులుతారు?"

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే వినీల అడిగిన మాట ఇది. భీమిలిలో సన్యాసిరావు మాస్టారి దగ్గర ఆమె మూడేళ్ళుగా శబ్దకళ నేర్చుకుంటోంది. ఒకప్పుడు రేడియో నాటకాలకి చేటలో బఠానీలు దొర్లించి వాన కురిపించిన మనిషి ఆయన. శిష్యులు ఏదడిగినా వాదం పెట్టుకోరు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో ఒకటి జరిగేదాకా ఊరుకుంటారు.

ఆ రోజు వినీల కూర్చోలేదు. కోపంతో గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. చిన్న ప్రాణుల బాధ మనుషులకి తెలియాలని ఏడాదిపాటు కష్టపడి ఆమె ఒక ప్రదర్శన తయారుచేసింది. విశాఖలో ఒక హాలుని చీకటి చేసి, నాలుగు గోడల నుంచీ ఒకే ఒక తూనీగ చప్పుడు వినిపించింది. కిటికీ అద్దానికీ దోమల జాలీకీ మధ్య చిక్కుకున్న తూనీగ అది. అద్దానికి అతికించిన చిన్న మైకు దాని రెక్కల చప్పుడుని గాలివానలో తాటాకుల మోతంత చేసింది. జనం కూర్చుని విన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"అలా కళ్ళు తుడుచుకున్న ఒక పెద్దమనిషి, మెట్ల మీద గొంగళిపురుగు కనిపిస్తే బూటుకాలితో నలిపేసి కారెక్కాడు. నా కళ్ళముందే! అభిప్రాయాల పుస్తకంలో అద్భుతం అని రాసి మరీ!"

మాస్టారు ఆ పెద్దమనిషి ఊసెత్తలేదు. "చివరి భాగం ఒకసారి పెట్టు" అన్నారు.

అప్పటికి ఎర్రయ్యమ్మ వరండాలో కూర్చుని ఉంది. చేపలమ్ముకుని తిరిగి వెళ్తూ రోజూ మంచినీళ్ళకి అక్కడ ఆగుతుంది. చప్పుడు మొదలవగానే ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"ఏటది? ఏదో కొట్టుకుంటంది!"

ఎవరూ ఏమీ చెప్పకముందే లోపలికి వచ్చేసింది. కర్టెన్ తప్పించి మొదటి కిటికీ తెరిచింది, రెండోది తెరిచింది. మూడోదాని గడియ బిగుసుకుపోతే అరచేత్తో గుద్ది గుద్ది తీసింది. సముద్రపు గాలికి బల్ల మీది కాగితాలు గదంతా ఎగిరాయి. "ఎక్కడ సిక్కడిపోనాదో... రెక్కలిరిగిపోతాయి" అంటూ బీరువా వెనక వంగి చూస్తోంది.

వినీల ఆమెని ఆపింది. "అది ఇక్కడ లేదమ్మా. ఈ స్పీకరు పెట్టెలోంచి వస్తోంది. పోయిన వానాకాలం మా ఇంట్లో కిటికీలో చిక్కుకుంటే రికార్డు చేశాను."

"మరి దాన్ని బయటికి ఒగ్గీసినావా?"

పెట్టెలో చప్పుడు నెమ్మదించింది. ఆగి ఆగి వచ్చింది. తర్వాత రాలేదు. హాల్లో జనం కళ్ళు తుడుచుకున్నది అక్కడే.

"ఎంతసేపు కొట్టుకున్నాది?"

"ముప్పై ఏడు నిమిషాలు."

"నువ్వేటి సేసినావు?"

"విన్నాను."

ఎర్రయ్యమ్మ ముఖం ఎర్రబడింది. "కూకుని ఇన్నావా? గడియ తియ్యడానికి సెయ్యి రానేదా నీకు?"

వినీలకీ రోషం వచ్చింది. "నువ్వు రోజూ చేపల్ని కోస్తావు. నీకు తూనీగ మీద జాలా?"

"కోత్తాను. పిల్లలకి కూడెట్టాల, కోత్తాను. కోత్తే ఒక్క ఏటుకి కోత్తాను. గిలగిల్లాడతంటే ఎదర కూకుని ఏనాడూ సూడనేదు. సదూకున్నదానివి, నీకేటొచ్చినాది తల్లీ!"

తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. నీళ్ళు తాగలేదు.

తెరిచిన కిటికీల తలుపులు గాలికి కొట్టుకుంటున్నాయి. వినీల కాగితాలు ఒక్కొక్కటే ఏరింది. అన్నీ ఏరాక, తల ఎత్తకుండానే అంది: "నేను గడియ తీసి ఉంటే ఆ చప్పుడు ఉండేది కాదు మాస్టారూ. ఎవరికీ ఏమీ వినిపించలేకపోయేదాన్ని."

"బాగా పట్టావమ్మా" అన్నారు మాస్టారు. "రెక్క చీలడం, అద్దం అదరడం, బయట చూరు మీద వానచుక్క, అన్నీ వినపడ్డాయి. నువ్వు లేచిన చప్పుడే ఎక్కడా వినపడలేదు."