దేవాంగపిల్లి కొన్న పారాచూట్

అనగనగా అంటే మరీ పాతకాలం అనుకునేరు. జంతువులకు మాటలతో పాటు ఫోన్లు కూడా వచ్చిన తరువాతి సంగతి ఇది.

మబ్బుకొండ అనే అడవిలో, ఒకనాటి ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, ఒక దేవాంగపిల్లి వేపపుల్లతో పళ్లు తోముకుంటోంది. దాని పేరు మందాకిని. పిడికెడు ఒళ్లు, గుడ్లగూబకు అప్పిచ్చేటంత కళ్లు, వెదురుపుల్లల్లాంటి చేతులు. ఒక కొమ్మ మీది నుంచి ఇంకో కొమ్మ మీదికి వెళ్లే ముందు ఆ కొమ్మను ఊపి చూస్తుంది. చూసి, మళ్లీ ఒకసారి చూస్తుంది. పట్టుకుందంటే మాత్రం ఇక వదలదు.

ఇంత నిదానమైన జీవికి ఒక వింత సరదా ఉంది. ఆకాశం నుంచి దూకడం!

మబ్బుకొండలో ఆ సరదా చాలామందికి ఉండేది. వరాలు అనే గూడబాతు, రెక్కలు చాపితే చింతచెట్టంత ఉండేది, జంతువులను వీపు మీద ఎక్కించుకుని మబ్బుల దాకా తీసుకుపోయేది. అక్కడి నుంచి అవి ఒక్కొక్కటే దూకేవి. కాసేపు రాయిలా కిందికి జారి, తాడు లాగేవి. వీపు మీది సంచిలోంచి పారాచూట్ పైకి లేచి విచ్చుకునేది. అది మొరాయిస్తే అదే సంచిలో రెండోది ఉంటుంది. రెండోదీ మొరాయిస్తే మూడోది లేదు.

అందుకే అక్కడ ఒక ఆచారం ఏర్పడింది. కొత్త సంచి ఎవరు తెచ్చినా సరే, దూకుడు మైదానంలో చాప పరిచి, అందరి ముందూ పూర్తిగా విప్పాలి. గిజిగాడు మాస్టారు ప్రతి కుట్టునూ ముక్కుతో తడిమి చూసి, మళ్లీ తన చేతుల మీదుగా మడతపెట్టాలి. గూళ్లు అల్లే జాతిలో పుట్టినవాడు. దారం విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగడు. ఆ పనికి ఒక పూట పట్టేది.

మందాకిని ఇన్నాళ్లూ అద్దె సంచితో దూకింది. దాని పట్టీలు ఎలుగుబంటి కొలతకు కుట్టినవి. గాలిలో సంచి ఒకవైపు, తాను ఇంకోవైపు. పైగా ఏటా జరిగే వలయం పండుగ దగ్గర పడింది. ఆ రోజు అందరూ ఆకాశంలో చేతులు కలిపి ఒక పెద్ద వలయం కడతారు. సొంత సంచి ఉన్నవారికే అందులో చోటు. కింద నిలబడి మెడ నొప్పి పుట్టేలా పైకి చూడటం మందాకినికి విసుగొచ్చింది.

పళ్లు తోముకుంటుండగానే ఫోను మోగింది. దూకేవాళ్ల గ్రూపులో ఒక ప్రకటన.

"సరికొత్త పారాచూట్. ఒక్కసారి కూడా వాడలేదు. సగం ధర. ఈ పూట వరకే. ఇట్లు, నెమలి ట్రేడర్స్."

పక్కనే ఆకుపచ్చ సంచి ఫోటో. ఇంకా నోరు కడుక్కోకముందే పొదల్లోంచి కోదండం అనే కుందేలు గెంతుకుంటూ వచ్చాడు. కోదండం దగ్గర నిలకడగా ఉండేవి చెవులొక్కటే.

"చూశావా మందాకినీ! సగం ధరట! నేను అడ్వాన్సు కొట్టేస్తున్నా."

"ఆగు. ఒక మాట అడుగుదాం."

మందాకిని ఒక్కో అక్షరమే వెతికి వెతికి నొక్కింది. "అయ్యా, ఆ సంచి బకిల్ మీద ఒక తంగేడు పువ్వు పెట్టి, ఇప్పుడే ఫోటో తీసి పంపగలరా?"

కోదండం పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు పారాచూట్ కొంటున్నావా, దానికి పెళ్లిచూపులు చేస్తున్నావా?"

"సంచి ఆయన దగ్గరే ఉంటే పువ్వు పెట్టడం ఎంతసేపు? తంగేడు ఏ గట్టు మీద చూసినా ఉంటుంది."

జవాబు వెంటనే వచ్చింది. "మేడం, మీలాంటి పెద్దవారు అనుమానించడం మాకు చాలా బాధగా ఉంది. ఇంకో ముగ్గురు డబ్బు పట్టుకుని కూర్చున్నారు. అడ్వాన్సు వేయండి, సంచి మీది."

"పువ్వు?" అని మందాకిని మళ్లీ అడిగింది.

"మా గోడౌనులోకి పువ్వులు రానివ్వరు."

మందాకిని మొహం కడుక్కుంది. "అయితే నాకు వద్దండి" అని రాసి ఫోను పక్కన పెట్టింది. కానీ కోదండం వేలు అప్పటికే నొక్కవలసినదేదో నొక్కేసింది.

రెండో సంచి పక్క కొండ మీది చిరుత యువకుడిది. పేరు రణధీరుడు. పువ్వు అడిగితే ఒకటికి మూడు పెట్టి పంపాడు. సంచి తనే భుజాన వేసుకుని వచ్చాడు కూడా. లోపల ఎర్రని చిన్న పారాచూట్, నిప్పుకణికలా ఉంది.

"ఒక్క మలుపు తిప్పావంటే చెవుల్లో గాలి పాట పాడుతుంది" అన్నాడు.

మందాకిని ఆ గుడ్డను తడిమింది. మనసు పడింది. అయినా మాస్టారి దగ్గరికి తీసుకుపోయింది. గిజిగాడు మాస్టారు ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి చూశాడు.

"సరుకు మంచిది. నీకు మంచిది కాదు."

"ఎందుకు మాస్టారూ?"

"ఇతను వందల సార్లు దూకినవాడు. నువ్వు నిన్నగాక మొన్న మొదలుపెట్టావు. చిన్న గుడ్డ వేగంగా దిగుతుందమ్మా. తప్పు చేస్తే దిద్దుకునే తీరిక ఇవ్వదు. నీ ఒంటికి సరిపోయే పెద్ద గుడ్డయితే నీ తప్పును కాసేపు భరిస్తుంది. నీకు ఇప్పుడు భరించేది కావాలి."

చిరుతకు కోపం రాలేదు. "మాస్టారు చెప్పింది నిజమే చెల్లీ. కొత్తలో నేను దీన్ని కట్టుకుని ఉంటే నాకు ఈపాటికి తోక ఉండేది కాదు" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఎరుపు మాత్రం చాలా రోజులు మందాకిని కళ్ల ముందే ఆడింది.

మూడో ప్రకటన చూస్తే ఎవరూ కొనరు. ఫోటో వంకరగా ఉంది. అందులో సగం తీసినవారి బొటనవేలే. అది శేషమ్మ అనే ముసలి ముళ్లపందిది. మందాకిని ఫోను చేసింది.

"శేషమ్మత్తా, ఎందుకు అమ్ముతున్నారు?"

"మోకాళ్లే తల్లీ. పైన ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి. నేల తగిలాక తిడతాయి."

"సంచి ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, నాలాగే ఉంది. రంగు వెలిసింది. తెరుచుకునేటప్పుడు ఎడమకు లాగుతుంది, కుడి తాడు కాస్త బిగించి పట్టుకోవాలి. గుడ్డకు రెండు అతుకులు. ఒకటి రేగుపొద మీద దిగినప్పటిది. రెండోది నా ముల్లే గుచ్చుకుంది, ఎవరిని తిడతాను? రెండో పారాచూట్ అవసరం ఇంతవరకు రాలేదు కానీ ఏటా మాస్టారి చేత విప్పించి మడిపిస్తాను. కొనకపోయినా ఏమీ అనుకోను. వచ్చి జొన్నరొట్టె తిని పో."

మందాకిని చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని నవ్వుకుంది. నెమలి ట్రేడర్స్ వాడికి తన సరుకులో ఒక్క వంక కూడా కనిపించలేదు. ఈవిడ వంకలతోనే మొదలుపెట్టింది. ఎడమకు లాగుతుందన్న సంగతి, దాన్ని కట్టుకుని నిజంగా ఆకాశం నుంచి దిగినవారికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

అంత నచ్చినా మందాకిని డబ్బు శేషమ్మ చేతికి ఇవ్వలేదు. అందరూ నమ్మే తాబేలు తాత దగ్గర ఉంచింది. సంచిని చాప మీద విప్పారు. మాస్టారు చూశాడు. చెప్పిన రెండు అతుకులు చెప్పిన చోటే ఉన్నాయి. చెప్పనిది ఏదీ లేదు. అప్పుడు తాత డబ్బు శేషమ్మకు ఇచ్చాడు. శేషమ్మ రొట్టె పెట్టింది.

ఒక చిక్కు మిగిలింది. పట్టీలు ముళ్లపంది నడుముకు కుట్టినవి. విప్పి, కత్తిరించి, దేవాంగపిల్లి ఒంటికి తిరిగి కుట్టాలి.

"పండుగ దాటిపోతుంది" అన్నాడు మాస్టారు.

"కాస్త తొందరగా కుట్టలేరా?"

"కుట్టగలను. అప్పుడు నువ్వు కూడా తొందరగా దిగుతావు."

మందాకిని సంచిని మాస్టారి దగ్గరే వదిలి వచ్చింది.

పండుగ రోజు వచ్చింది. మైదానమంతా సందడి. మాస్టారు తన గూట్లో పట్టీలు కుడుతున్నాడు. మందాకిని ఒట్టి చేతులతో నేరేడుచెట్టు మొదట్లో కూర్చుంది. అప్పుడు కోదండం వచ్చాడు. వీపు మీద ముదురు నీలం సంచి, ఎండకు తళతళలాడుతూ.

"నెమలి ట్రేడర్స్ దా?" అంది మందాకిని. "ఫోటోలో ఆకుపచ్చ కదా?"

"ఆకుపచ్చవి అయిపోయాయట. ఇంతకన్నా ఖరీదైంది అదే ధరకు పంపారు. నువ్వు పువ్వులు అడుగుతూ కూర్చో!"

"చాప మీద విప్పావా?"

"ఎవరు మడుస్తారు? మాస్టారు నీ పట్టీలు కుడుతున్నాడుగా. ఆయన వచ్చి, విప్పి, మడిచేసరికి వలయం అయిపోయి అందరూ భోజనాలకు కూర్చుంటారు."

మందాకిని గూడబాతు వైపు తిరిగింది. "వరాలక్కా, చాప ఆచారం సంగతి?"

వరాలు గాలిని చూసింది, పొద్దును చూసింది. "పండుగ పూట... ఈ ఒక్కసారికి పోనిద్దాం" అంది. "ఈ ఒక్కసారికి" అని చుట్టూ ఉన్నవాళ్లూ అన్నారు. "ఎక్కేవాళ్లు ఎక్కండర్రా, గాలి మారకముందే!"

మందాకిని బతిమాలింది. వినేవాళ్లు లేరు. అప్పుడది ఒక చేతిని కోదండం సంచి పట్టీలో దూర్చింది. రెండో చేతిని నేరేడు వేరుకు చుట్టింది.

"వదులు!"

"చాప మీద వేస్తే వదులుతా."

కోదండం లాగాడు. మందాకిని వదల్లేదు. చుట్టూ నవ్వులు. "ఎత్తుకుపోరా, దాన్ని కూడా కట్టుకుని దూకు!" అని ఒక అడవిపంది అరిచింది.

"కుళ్లు!" అన్నాడు కోదండం, మొహం కందిపోయి. "వలయంలో నీకు చోటు దొరకలేదని కుళ్లు!"

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆ చోటు మందాకినికి నిజంగా కావాలి. ఎంత కావాలో తనకే తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ చెయ్యి అక్కడే ఉంది.

కోదండం వెనక కాళ్లు నేలకు తన్ని, ఒళ్లంతా బిగించి ఒక్క గుంజు గుంజాడు.

చర్రుమని పట్టీ కుట్టు ఊడి వచ్చింది.

మైదానంలో నవ్వు ఆగిపోయింది. వరాలు వంగి, తెగిన పట్టీని ముక్కుతో పైకెత్తింది. "పిడికెడు పిల్ల పట్టుకుంటే ఊడిన కుట్టురా ఇది. అంత ఎత్తు నుంచి పడేటప్పుడు నిన్నేం ఆపుతుంది?"

చాప పరిచారు. సంచి విప్పారు. లోపలి నుంచి ఎరుపూ తెలుపూ చారల షామియానా గుడ్డ బయటపడింది. అంచుకు కుచ్చులు కూడా ఉన్నాయి. రెండో పారాచూట్ ఉండవలసిన అరలో నలిపి కుక్కిన పాత వార్తాపత్రికలు ఉన్నాయి.

కోదండం చెవులు మొదటిసారిగా వాలిపోయాయి. అక్కడే కూలబడ్డాడు. "మందాకినీ... నేను... పైనుంచి..."

"కిందే ఉన్నావుగా" అంది మందాకిని. చేతిలో మిగిలిన పట్టీ ముక్కను అప్పుడు వదిలింది.

వరాలు రెక్కలు ముడుచుకుంది. "ఈ ఒక్కసారికి అన్నదాన్ని నేనే. తప్పు నాది. ఇవాళ వలయం లేదు. ఉన్న సంచులన్నీ చాప మీదికి రావాలి."

అన్నీ విప్పారు. ఇంకో రెండు కొత్త సంచుల్లోంచి అదే షామియానా గుడ్డ వచ్చింది. ఒకటి, "దాన్ని కూడా కట్టుకుని దూకు" అని అరిచిన అడవిపందిదే.

మాస్టారి కుట్టు పూర్తయ్యాకే ఆ ఏటి వలయం జరిగింది. మందాకిని అందరికన్నా చివర దూకింది. దూకే ముందు బకిళ్లు ఒకసారి చూసుకుంది. మళ్లీ ఒకసారి చూసుకుంది. వరాలు విసుక్కోలేదు. వెలిసిన గుడ్డ తెరుచుకుని ఎడమకు లాగితే, కుడి తాడు బిగించి పట్టుకుని మైదానం మధ్యలో మెత్తగా దిగింది. ఆ రోజు కింద నిలబడి అందరికన్నా గట్టిగా ఈల వేసింది కోదండమే.

కొన్నాళ్లకు లోయ నుంచి కబురు వచ్చింది. నెమలి ట్రేడర్స్ లో నెమలి ఎవరూ లేరు. ఒక నక్క, దాని చుట్టూ దొంగిలించిన షామియానాల గుట్ట. అమ్మిన సంచుల్లో ఒక్కదానితోనైనా ఎప్పుడైనా దూకావా అని అధికారులు అడిగితే, "పుట్ట మీదికెక్కినా నాకు కళ్లు తిరుగుతాయండీ" అని చెప్పిందట.

కాబట్టి పిల్లలూ, ప్రాణం అప్పగించే వస్తువును విప్పి చూడకుండా కొనకూడదు. ప్రశ్న అడిగినందుకు నొచ్చుకునే అంగడివాడి దగ్గర అసలే కొనకూడదు.