ఎర్రోడు పట్టిన నక్క

అడవి అంచున కదిరప్ప గొర్రెల దొడ్డి. చుట్టూ తుమ్మకంప కంచె, కాపలాకి రెండు కుక్కలు. దొడ్డి వాకిట్లో పడుకునే పెద్దరికం ఎన్నాళ్లుగానో ముసలికుక్క ఎర్రోడిది. మొన్న కుర్రకుక్క నల్లోడు, గొర్రెల మధ్యకి దూరిన నక్కను పట్టి చంపాడు. అప్పట్నించి కదిరప్ప నోట వాడి పేరే. సంగటి ముద్ద కూడా ముందు వాడికే పడుతోంది. ఎర్రోడికి కడుపు మండిపోయింది.

"ముసలి నక్కను చంపడం కూడా ఒక గొప్పేనా అత్తా?" అన్నాడు, తన వీపు మీద పిడుదులు ఏరుతున్న కొంగతో.

"వాడి గొడవ నీకెందుకురా? నీ మోకాలి వాపు సంగతి చూసుకో."

"ఏం చూసుకునేది? పిడుదు కరిచి ఒంట్లోకి క్రిమిని ఎక్కించి, లైమ్ అనే కీళ్ల జబ్బు తెచ్చిందన్నాడు పశువుల డాక్టరు. మందేశాడు, క్రిమి చచ్చిందన్నాడు. వాపు మాత్రం పోలా!"

"క్రిమి చచ్చింది నిజమే. దాని ఒంటి పెంకు ముక్కలు కీలులో మిగిలిపోయాయంట. నీ ఒంట్లో రోగాలతో పోరాడే కాపలావాళ్లు వాటిని చూసి, శత్రువే వచ్చాడనుకుని విరుచుకుపడుతున్నారు. ఆ కొట్లాటకే కీలు వాస్తోంది. డాక్టరు చెబుతుంటే విన్నాలే."

ఎర్రోడు పగలబడి నవ్వాడు. "చచ్చినదానితో కొట్లాటా! ఎంత తెలివిమాలినోళ్లు దొరికారు నాకు!"

మర్నాడు మధ్యాహ్నం కంచె పక్కన పోతుంటే ముక్కుకు నక్క వాసన తగిలింది. ఎర్రోడికి ప్రాణం లేచొచ్చింది. కంపలో ఇంకో నక్క! నల్లోణ్ణి పిలుద్దామా? ఛీ, పిలిస్తే పేరంతా వాడికే పోతుంది. ఒక్కడే కుంటుకుంటూ కంప లాగాడు, కొరికాడు, గుంజలు ఒరిగేదాకా మట్టి తవ్వాడు. నోరంతా ముళ్లు గుచ్చుకున్నా ఆగలేదు. ఒక పక్క కంచె మొత్తం కూలిపోయింది. బెదిరిన గొర్రెలు అడవిలోకి పరుగు తీశాయి.

నల్లోడు అడ్డం పడి, నానా తంటాలు పడి వాటిని మళ్లేసుకొచ్చాడు.

"ఏంది మామా ఇది?"

"నక్కరా! ఇదిగో, పట్టినా!" ఎర్రోడు నోట్లోది కింద పెట్టాడు. గుప్పెడు బొచ్చు.

"ఇది నేను చంపినదాని బొచ్చే మామా. దూరేటప్పుడు ముళ్లకి చిక్కుకునుంటాది. నాతో ఒక్క మాటంటే చెప్పేవాణ్ణి గదా."

వాడు అంత మర్యాదగా అనడం ఎర్రోడికి ముళ్లకంటే ఎక్కువ గుచ్చుకుంది. కదిరప్ప వచ్చి కూలిన కంచె చూశాడు. ఎర్రోణ్ణి దూరంగా ఓ మూల గుంజకు కట్టేసి, వాకిట్లో నల్లోడికి గోనెపట్టా పరిచాడు.

అసూయపడేవాడికి చచ్చిన నక్క బొచ్చు కూడా బతికున్న నక్కలాగే కనిపిస్తుంది, చివరికి కూలేది సొంత కంచే.