లోపలి గడియ

1961 ఎండాకాలం. మడకశిర తాలూకాలో ఒక ఊళ్ళో మూడు రాత్రుల తోలుబొమ్మలాటకు దిగాం. మొదటి ఆట, రాక్షసుడు కోటలో బంధించిన రాజకుమార్తె కథ. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి వచ్చి, కత్తితో కోట తలుపు పగలగొట్టి ఆమెను తీసుకుపోతాడు. ఐదేళ్ళు తెర వెనక కూర్చుని పాటకు తాళం వేశాక, ఆ రాజకుమారుడి బొమ్మ మొదటిసారి నా చేతికి వచ్చింది. తలుపు పగిలే చోట జనం ఈలలు వేస్తారు. ఆ ఈలల కోసమే ఐదేళ్ళు ఆగాను.

ఆట రేపనగా, మధ్యాహ్నం బొమ్మలకు దారాలు బిగిస్తున్నాం. మా గురువు భీమోజి ఒక్కొక్క బొమ్మనూ ఎండకు పట్టి చూస్తున్నాడు. రాజకుమార్తెను ఆడించేదీ, ఆమెకు గొంతు ఇచ్చేదీ ఆయన మేనకోడలు తుళజక్క. ఆమె కోట తలుపు బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“మామా, గడియ లోపలి పక్క ఉంది,” అంది.

“తెర మీద కనపడేది లోపలి పక్కే కదక్కా. గడియ ఇంకెక్కడ గీస్తారు?” అన్నాను నేను.

“నేననేదీ అదే. లోపల ఉండేది నేను. గడియ నా పక్కనే ఉంది. ఇరవై ఏండ్ల నుంచి దాని పక్కనే కూచోని ఏడుస్తున్నా. నీ రాజకుమారుడు వచ్చేసరికి నా గొంతు పోతాంది నాయనా. ఈసారి గడియ నేనే తీసి బయటికి వస్తా.”

“నువ్వే వస్తే నేను సముద్రాలు దాటేది ఎందుకు?”

“దాటొద్దులే. ఇంటికాడే ఉండు.”

నాకు కోపం వచ్చింది. గురువు వైపు తిరిగాను. “అయ్యా, కథ మారిస్తే ఊరు ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను.”

ఆయన రాజకుమార్తె బొమ్మ తీసి నా చేతిలో పెట్టాడు.

“ఈమెతో గడియ తీయించు.”

తిప్పి చూశాను. రెండు చేతులూ గుండెల మీద ముడుచుకుని ఉన్నాయి. ఒళ్ళూ చేతులూ కలిపి ఒకే తోలులో కోశారు. ఎక్కడా కీలు లేదు.

“తీయలేదయ్యా. చేతులు కదలవు,” అన్నాను. గెలిచాననుకున్నాను.

“అట్లా కోసినోడు ఎవడు?”

ఆ బొమ్మ చేసింది ఆయనే.

“కొత్త చెయ్యి చెయ్యాలంటే తోలు ఆరేదానికే నాలుగు దినాలు. ఆట రేపే,” అన్నాను.

ఆయన నా ఒళ్ళో ఉన్న రాజకుమారుణ్ణి తీసుకున్నాడు. భుజం దగ్గర ముడి కోసి కుడిచెయ్యి ఊడదీశాడు. అది కత్తి పట్టిన చెయ్యి. పిడికిలి దగ్గర ఆ కత్తిని కోసి పక్కన పడేశాడు. రాజకుమార్తె భుజానికి చిల్లు పొడిచి, ఆ చేతిని కట్టి, మిగిలిన దారాన్ని పళ్ళతో తెంపాడు. పసుపు ఒంటికి నీలం చెయ్యి. పుల్లతో కదిపితే కదిలింది.

“మరి నా బొమ్మ అక్కడికి పోయి ఏం చెయ్యాలయ్యా?”

“ఆమె బయటికి వచ్చి దారి అడుగుతుంది. తెలిస్తే చెప్పు.”

మరునాడు ఆటలో గడియ తీసింది తుళజక్కే. ఈలలు లేవు. తెర ముందు ఒకామె, “ఆ చెయ్యి ఆమెది కాదే,” అంది. పక్కనున్నామె, “ఎవరిదైతే ఏంలే, తలుపు తెరుచుకుంది కదా,” అంది. తెర వెనక నేను ఒంటిచేతి బొమ్మను పట్టుకుని, అక్క అడిగిన దారి చెప్పాను.

మిగిలిన రెండు ఆటలూ వద్దని ఊరిపెద్దలు తెల్లారేసరికి మమ్మల్ని పంపేశారు. ఆ ఊరు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. రాజకుమారుడి బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దానికి కుడిచెయ్యి లేదు.