వెక్కిరింత పిట్ట బయటపెట్టిన మాట

వినండర్రా పిల్లలూ! కుందనపురి అని ఒక రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కీర్తిసేనుడు, చిన్నవాడు రత్నాంగుడు. స్వయంవరంలో రాకుమారి హేమలేఖ చిన్నవాడి మెడలో దండ వేసింది. ఆనాటినుంచి పెద్దవాడికి తిండి సయించలేదు. తమ్ముడు నవ్వితే చాలు, ఒళ్లు మండేది.

పెళ్లికి ముందే కంకాళుడనే మాంత్రికుడు హేమలేఖను ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతలి దీవిలో, వెయ్యి చిలకల మధ్య ఒక చిలకలో ఉంది. వాడు పిలిస్తేనే అది బయటికొస్తుంది.

ఆమెను విడిపించడానికి బయల్దేరిన అన్నదమ్ములిద్దర్నీ వీపుమీద మోసుకుంటూ దీవి చేర్చింది ఒక ముసలి తాబేలు. "ఏ గొంతైనా పలికే వెక్కిరింత పిట్టను మచ్చిక చేసుకోండి నాయనా" అని చెప్పింది.

పిట్టను పట్టిన పేరు తమ్ముడికి దక్కకూడదని కీర్తిసేనుడు ఒక్కడే వెతికాడు. దట్టమైన అడవిలో లేదు. ఎత్తయిన చెట్లమీదా లేదు. చివరికి పచ్చికబయలు అంచున ముళ్లపొదలో కనబడింది, బూడిదరంగు పిట్ట. గూటి దగ్గరికి పోతే నెత్తిన పొడిచింది. గద్దనే తరిమేసే పిట్టాయె! దూరంగా పళ్లు పెట్టి మూడురోజులు కూర్చున్నాడు. అది కోయిలలా కూసింది, కప్పలా బెకబెకమంది. రోజూ చిలకకోసం వచ్చే కంకాళుడిలా "రావే నా ప్రాణమా" అనీ పిలిచింది. కీర్తిసేనుడు తన కడుపుమంటంతా దానికే చెప్పుకున్నాడు.

నాలుగోనాడు అది అతని భుజంమీద వాలింది. అప్పుడే రత్నాంగుడొచ్చాడు. "సాధించావన్నా!"

పిట్ట అచ్చం కీర్తిసేనుడి గొంతుతో అంది: "తమ్ముడు ఇక్కడే చస్తే హేమలేఖ నాదవుతుంది."

కీర్తిసేనుడి మొహం పాలిపోయింది. "ఆ మాట నాదేరా."

రత్నాంగుడు అన్న ఎదుటికొచ్చి నిలబడ్డాడు. "నాతో అనుంటే తిట్టేవాణ్ణి, కొట్టేవాణ్ణి, నీతోపాటు ఏడ్చేవాణ్ణి. పోయి పోయి పిట్టకి చెప్పుకున్నావా అన్నా!"

ఇంతలో పిట్ట "రావే నా ప్రాణమా" అంది. చిలక ఎగిరొచ్చి కీర్తిసేనుడి చేతికి చిక్కింది. కంకాళుడు పరుగున వచ్చి మోకాళ్లమీద పడ్డాడు. "దాన్ని వదిలెయ్! నీ తమ్ముణ్ణి రాయిగా మార్చేస్తాను, హేమలేఖను నీకే ఇస్తాను!"

కీర్తిసేనుడు తమ్ముడివైపు చూశాడు. చటుక్కున చిలక మెడ విరిచేశాడు. మాంత్రికుడు బూడిదయ్యాడు. ఆ దీవిలోనే ఉన్న వాడి చెరలోంచి హేమలేఖ నడిచొచ్చింది.

కుందనపురిలో పెళ్లి జరిగింది. తలంబ్రాలవేళ కీర్తిసేనుడి గుండెలో ముల్లు కలుక్కుమంది. అయినా తలంబ్రాల పళ్లెం తనే అందించాడు. రాజు అతనికే పట్టం కట్టాడు. తమ్ముడు సేనాపతిగా పక్కనుండగా, ఇద్దరూ ఒక్క కంచంలో తింటూ రాజ్యాన్ని అరవై ఏళ్లు చల్లగా ఏలారు.