మడమపేటలో బొట్టు పిలుపు

ఒకప్పుడు దెబ్బ తగిలితే ఎర్రబడేది కాదు. మోకాలు గీరుకుపోయినా, వేలు తెగినా చుట్టూ ఉన్న చర్మం ఏమీ ఎరగనట్టు చల్లగా పడుండేది. నెత్తురు మాత్రం కారుతూనే ఉండేది. చిన్న గాయానికే మనుషులు మంచాన పడేవాళ్ళు. కొందరు మళ్ళీ లేచేవాళ్ళు కాదు.

అలాగని లోపలివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళకి కబురు అందేది కాదు, అదీ సంగతి.

లోపలివాళ్ళెవరా? కుదురుగా కూర్చోండి, చెబుతాను. మన ఒంట్లో అంతా ఇళ్ళే. కంటికి ఆననంత చిన్న ఇళ్ళు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. మీ పుస్తకాల్లో వాటినే కణాలంటారు. ఆ ఇళ్ళ మధ్య నెత్తురేరు వెచ్చగా, మెల్లగా పారుతూ ఉంటుంది. ఎక్కడో చాలా పైన ఒక డప్పు మోగుతూ ఉంటుంది. అది ఎవరు కొడతారో అక్కడ ఎవరికీ తెలీదు. పుట్టినప్పటినుంచీ దాన్ని వింటూనే నిద్రపోతారు, దాన్ని వింటూనే లేస్తారు.

సముద్రం ఒడ్డున నూకాలు అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల కుడి మడమలో ఇలాంటి పేట ఒకటి ఉండేది. దాని పేరు మడమపేట. నూకాలు ఇసుకలో నడిస్తే పేటంతా ఉయ్యాలలా ఊగేది. ఎండ కాస్తే పైకప్పులోంచి గులాబీరంగు వెలుతురు దిగి గోడలమీద తేలేది. కెరటం వచ్చి కాలు తడిపితే ఆ వెలుతురు కాస్త వణికి, మళ్ళీ సర్దుకునేది. చూడ్డానికి ఎంత బాగుండేదో!

ఆ పేటలో ఒక ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. మగవాళ్ళేరీ అని అడక్కండి. ఆ ఇళ్ళలో ఉండరు, అంతే.

గడప దగ్గర చిన్నకోడలు ఈరమ్మ కూర్చునేది. బయటి కబుర్లు వినడం ఆవిడ పని. నడవలో నడిపికోడలు చంద్రాయమ్మ. నడిమింటి గుమ్మంలో పెద్దకోడలు అచ్చియ్యమ్మ. లోపల, నడిమింట్లో, అత్త తాయమ్మ. ఆ కోడళ్ళలాంటి వాళ్ళని మీ పుస్తకంలో ప్రోటీన్లంటారట. అననీ, మనకేం!

తాయమ్మ దగ్గర పెద్ద తాటాకుల కట్ట ఉండేది. గోడ ఎలా కట్టాలి, ఉప్పు ఎంత దాచాలి, నీళ్ళు ఎప్పుడు తోడాలి, అన్నీ దాంట్లోనే రాసున్నాయి. ఆవిడ కట్ట విప్పి ఆకు తీసి చదివితేనే ఆ ఇంట్లో ఏ పనైనా మొదలయ్యేది. కానీ అత్త గదిలోకి పెద్దకోడలు తప్ప ఎవరూ అడుగుపెట్టకూడదు. పెద్దకోడలికి చెప్పాలంటే నడిపికోడలే చెప్పాలి. నడిపికోడలికి చిన్నకోడలు చెప్పాలి. పేటలో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే పద్ధతి.

మరి ఈరమ్మ ఏం చేసేదంటే, కేకలు పెట్టేది. మడమమీద చీమ పాకితే, "అక్కోయ్, కొంప మునిగింది!" అనేది. ఇసుక కాలితే, "అక్కోయ్, కాలిపోయాం!" అనేది. పక్కింటి కేక విని ఈవిడ, ఈవిడ కేక విని ఎదురింటావిడ, పేటంతా అరుపులే. తాయమ్మ పాపం నిద్రలోంచి లేచి, కట్ట విప్పి, ఏమీ లేదని తెలుసుకుని మళ్ళీ కట్టుకునేది.

ఒకనాడు ఆవిడకి ఒళ్ళు మండింది. "ఇక కేకలకి నేను లేవను. గొంతు చించుకుని చచ్చినా లేవను" అనేసింది. అత్తే అలా అన్నాక కోడళ్ళకేం! చంద్రాయమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. అచ్చియ్యమ్మ గోడకి చేరగిలబడి కునికిపాట్లు పడింది. చూస్తూ చూస్తూ పేటంతా అదే దారి పట్టింది. గడపల దగ్గర అరుపులు అరుపులే, లోపల నిద్రలు నిద్రలే.

అప్పుడు ఆ రోజు వచ్చింది. నూకాలు నత్తగుల్లలు ఏరుకుంటూ, నీళ్ళలో పడున్న ఆలిచిప్పని తొక్కింది. చిప్ప అంచు కత్తి కదా, మడమ చీరుకుపోయింది.

"నన్ను తిట్టకండి. నా మానాన నేను పడుకునున్నాను, ఆ పిల్లే తొక్కింది" అంది ఆలిచిప్ప. దాని మాటా నిజమే.

మడమపేటలో ఆకాశం చీలినట్టయింది. ఎప్పుడూ చూడని తెల్లటి వెలుతురు లోపలికి పడింది. పక్కిల్లు సూరమ్మది. ఆ ఇల్లు సగానికి తెగిపోయింది. సూరమ్మ అంటే ఈరమ్మకి ప్రాణం. సొంత పిన్ని కాకపోయినా పిన్నీ అనే పిలిచేది. ఇద్దరూ గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని రోజంతా కబుర్లాడుకునేవాళ్ళు.

కూలిన గోడమీంచి సూరమ్మ కనిపించింది. కాళ్ళ కింద నేల లేదు. చేతిలో కుంకుమ భరిణె ఒక్కటే మిగిలింది.

"ఈరీ! నేను అరిచినా ఎవరూ రారే. నువ్వు అరిచినా రారు. ఇది పట్టుకో" అని భరిణె విసిరింది. ఈరమ్మ పట్టుకుంది. తల ఎత్తేలోగా నెత్తురేరు సూరమ్మని తోసుకుంటూ బయటికి, ఆ తెల్లటి వెలుతురులోకి పోయింది.

"పిన్నీ!" అని ఈరమ్మ ఏడ్చింది.

"నేనాగలేకపోతున్నానే ఈరీ" అంది నెత్తురేరు. "గండి పడింది. ఇలాగే పోతే నాలో చుక్క మిగలదు. ఆ డప్పు వింటున్నావా? నేను అయిపోతే అదీ ఆగిపోతుంది."

ఈరమ్మ చెవి ఒగ్గింది. నిజమే, డప్పు తడబడుతోంది. చీలికలోంచి బురద పురుగులు తొంగి చూస్తున్నాయి. ఆ డప్పు ఆగితే పేట ఉండదు. నూకాలూ ఉండదు.

"అక్కోయ్! గోడ పడిపోయింది! లేవండి!" అని కేక పెట్టింది.

చంద్రాయమ్మ కళ్ళు తెరవకుండానే, "మొన్న చీమకి అరిచావు, నిన్న ఇసుకకి అరిచావు. పోవే, పోయి నీ గడప దగ్గర కూర్చో" అంది.

"ఈసారి నిజం అక్కా!"

"ప్రతిసారీ నిజమే అన్నావు."

ఈరమ్మ ఇంకోసారి అరవబోయింది. గొంతు రాలేదు. ఏడుపుకి బొంగురుపోయింది. చేతిలో భరిణె ఉంది, మాట లేదు. ఏం చెయ్యాలో తోచక మూత తీసింది. చిటికెడు కుంకుమ తీసుకుని, వంగి, చంద్రాయమ్మ నుదుట బొట్టు పెట్టింది.

చంద్రాయమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఇదేంటే, ఇంట్లో మనిషికి బొట్టు పెట్టి పిలుస్తావా! ఎవరింట్లో పేరంటం?"

"పేరంటం కాదక్కా" అంది ఈరమ్మ గుసగుసగా. "సూరమ్మ పిన్ని గోడ కూలింది. పిన్ని పోయింది. అత్తతో చెప్పాలి."

చంద్రాయమ్మ నుదురు తడుముకుంది. మీకు తెలుసుగా, బొట్టు పెట్టి పిలిచాక రానని అనకూడదు. కేకైతే విననట్టు ఊరుకోవచ్చు. బొట్టుని ఎలా కాదంటారు? అది నుదుటిమీదే ఉంటుంది. చంద్రాయమ్మకి ఒంట్లో ఎక్కడ లేని వేడీ పుట్టింది. చెవుల్లో దూది తీసి పారేసి, భరిణె అందుకుని, అచ్చియ్యమ్మ దగ్గరికి పరుగెత్తింది.

అచ్చియ్యమ్మ నుదుట చెయ్యి పడగానే కళ్ళు తెరిచింది. "ఇన్నాళ్ళకి పెద్దకోడలినని గుర్తొచ్చిందన్నమాట మీకు" అని, అంతలోనే కబురు విని, ఆ మాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది.

నడిమింట్లో చల్లగా, నీలంగా ఉంది. తాయమ్మ తాటాకులమీద తల పెట్టుకుని నిద్రపోతోంది. అచ్చియ్యమ్మ కేక వెయ్యలేదు. బొట్టు పెట్టింది. తాయమ్మ కళ్ళు విప్పి కోడలి ముఖంలోకి చూసింది. "గోడ కూలింది అత్తా" అంది అచ్చియ్యమ్మ. తాయమ్మ కట్ట విప్పింది.

ఆకులు ఒక్కొక్కటే తిప్పింది. అడుగున ఎప్పుడూ తియ్యని ఆకు ఒకటి ఉంది. 'గోడ కూలితే' అని దానిమీద రాసుంది. అది చూసి చిన్న ఆకుమీద నకలు రాసి అచ్చియ్యమ్మ చేతికిచ్చింది. "వల అల్లండి, ఏరుకి అడ్డం కట్టండి. తర్వాత గోడ ఎత్తండి. పక్కిళ్ళకీ చెప్పండి. కేకలు పెట్టి కాదు, వెళ్ళి చెప్పండి" అంది.

ఈరమ్మ గడప దాటింది. రెండోవైపు పక్కింటి చిన్నకోడలికి బొట్టు పెట్టింది. ఆవిడ వాళ్ళ నడిపికోడలికి, నడిపికోడలు పెద్దకోడలికి, పెద్దకోడలు అత్తకి. అక్కడినుంచి ఆ పక్కింటికి, ఈ పక్కింటికి. భరిణెలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి కదా, అదేమన్నా కొత్త వస్తువా! కాసేపటికి మడమపేటలో బొట్టులేని నుదురు లేదు. వీధులు ఎర్రగా, వెచ్చగా, కుంకుమ పొడి గాలిలో తేలుతూ, అంతా కలలోలా ఉంది. ఎవరూ అరవడం లేదు. గాజుల చప్పుడు ఒక్కటే.

వల అల్లారు. నెత్తురేరు దానిలో చిక్కుకుని, "హమ్మయ్య" అని ఆగింది. బురద పురుగులు ఆ వేడికి తట్టుకోలేక వెనక్కి తిరిగాయి. గోడ లేవడం మొదలైంది. డప్పు మళ్ళీ దారిలో పడింది.

బయట నూకాలు తల్లి, కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని చూసి కంగారుపడింది. "ఇదేంటే, ఇంత ఎర్రగా ఉంది? ఇంత వెచ్చగా ఉంది?" ఆవిడ అలాంటిది అంతకుముందు చూడలేదు. ఎవరూ చూడలేదు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నారా? అప్పుడే ఎక్కడ!

గోడ పూర్తయింది. కానీ ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. గోడమీద గోడ కడుతున్నారు. దానిమీద ఇంకోటి కడుతున్నారు. మడమ పూరీలా ఉబ్బింది. నూకాలుకి జ్వరం వచ్చింది, కాలు కింద పెట్టలేక మూలుగుతోంది. డప్పు ఇప్పుడు మరీ గబగబా మోగుతోంది.

"ఇక చాలు కదా అక్కా?" అంది ఈరమ్మ.

"చాలని ఎవరు చెప్పాలి? బొట్టు పెట్టి పిలిచినావిడ వెళ్ళి రమ్మంటేనే వెళ్ళాలి. అనకుండా వెళితే బాగుంటుందా?" అంది అచ్చియ్యమ్మ, మట్టి మెత్తుతూనే.

"పిలిచింది నేనే కదా?"

"నువ్వు కాదు. భరిణె ఎవరిది?"

భరిణె సూరమ్మది. పిలుపు సూరమ్మది. సూరమ్మ లేదు.

ఈరమ్మ చుట్టూ చూసింది. అప్పుడు అర్థమైంది ఆవిడకి. వీళ్ళంతా కడుతున్నది గోడ కాదు, సూరమ్మ ఇల్లు. ఇంకొంచెం ఎత్తు కడితే, ఇంకో గది వేస్తే, పిన్ని తిరిగొచ్చి గోడకి అటువైపు కూర్చుంటుందని అందరికీ లోపల ఆశ. ఎక్కువ మట్టి మోసింది ఎవరనుకున్నారు? ఈరమ్మే. ఆవిడ చేతులే అందరికంటే ఎర్రగా ఉన్నాయి.

ఈరమ్మ చాలాసేపు ఆ గోడకి ఆనుకుని కూర్చుంది. అటువైపు ఏ మాటా లేదు. తర్వాత లేచి, చెంబుతో నీళ్ళు ముంచుకుని అందరి మధ్యకీ వచ్చింది.

"పిన్ని రాదు" అంది.

గాజుల చప్పుడు ఆగింది.

"పిన్ని రాదు. మనం ఎంత కట్టినా రాదు. ఉంటే మాత్రం ఆ పిల్ల కాలు ఇలా సలపనిచ్చేదా? పిన్ని బదులు నేను చెబుతున్నాను. పిలవగానే వచ్చారు, పేటని నిలబెట్టారు. ఇక ముఖాలు కడుక్కుని వెళ్ళి రండి."

"బొట్టు కడిగేసుకోవడమా!" అంది చంద్రాయమ్మ, నుదురు చేత్తో కప్పుకుని.

"పొద్దున్న పెట్టుకున్నది సాయంత్రం ముఖం కడుక్కుంటే పోదా అక్కా? మళ్ళీ పెట్టుకోమా? ఇదీ అంతే. మళ్ళీ పిలుపొస్తే మళ్ళీ పెట్టుకుందాం."

అయినా ఎవరూ కదల్లేదు. ఎవరు ముందు కడుక్కుంటారు? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఈరమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకుని ముందు తన ముఖమే కడుక్కుంది. కుంకుమ కన్నీళ్ళతో కలిసి జారిపోయింది. తర్వాత చంద్రాయమ్మ చెంబు అందుకుంది. తర్వాత అచ్చియ్యమ్మ. తాయమ్మ చివరికి తాటాకు కట్టలో పెట్టి ముడివేసింది. "వెళ్ళొస్తాం ఈరమ్మా" అంటూ ఒక్కొక్కరే ఇళ్ళకి మళ్ళారు. వీధుల్లో ఎరుపు పలచబడింది. మళ్ళీ గులాబీరంగు వెలుతురు దిగి గోడలమీద తేలింది. నాలుగు రోజులకి నూకాలు ఇసుకలో పరుగెత్తింది, పేట ఉయ్యాల ఊగింది.

అప్పటినుంచే దెబ్బ తగిలిన చోట చుట్టూ ఎర్రబడుతుంది, వెచ్చబడుతుంది, ఉబ్బుతుంది. లోపల ఒకరికొకరు బొట్టు పెట్టి చెప్పుకుంటున్నారన్నమాట. ఎర్రబడటం క్షణాల్లో అయిపోతుంది. తగ్గడానికే రోజులు పడుతుంది. ఎవరో ఒకరు ముందుగా ముఖం కడుక్కోవాలి కదా.